గురుబరపల్లి జున్నుపాలు

మంచీ చెడూ మనుషులు కల్పించుకున్నవేనని దొరికినవాళ్లందరితో నేను వాదించే రోజులవి. డెబ్బైల చివర. కృష్ణగిరి నుంచి హోసూరు పోయే బస్సులో, గురుబరపల్లి దగ్గర ఒక పెద్దామె ఎక్కి నా ఎదుటి సీట్లో కూర్చుంది. ఒళ్లో మూతికి గుడ్డ కట్టిన చెంబు. ఆవు ఈనిందట, కూతురింటికి జున్నుపాలు తీసుకుపోతోంది.

నాకు జున్నంటే ప్రాణం.

"కొంచెం నాకిస్తావామ్మా? దుడ్డిస్తాను," అన్నాను.

"జున్నుపాలు అమ్మకూడదప్పా. దూడ సొత్తు గదా."

"అమ్మకూడదని ఎవురు చెప్పినారు? దేవుడా?"

"దేవుడు యాడ చెప్పినాడు? మా అత్త అమ్మలేదు, నేనూ అమ్మలేదు."

"ఎవురూ చెప్పకుంటే, అమ్మితే తప్పేముంది?"

ఆమె కిటికీలోంచి మామిడితోపులు చూస్తూ చాలాసేపు ఆలోచించింది. గెలిచాననుకున్నాను.

"నువ్వు చెప్పేదే నిజమేమోప్పా," అంది చివరికి. "తప్పో కాదో నాకు తెలీదు. అయినా దుడ్డు తీసుకునేదానికి చేతులు రావు."

ఆ మాట అంటూనే నా ఖాళీ టిఫిన్ డబ్బా అడిగి తీసుకుని, చెంబులో సగం పాలు అందులోకి వంచింది. శూలగిరిలో దిగిపోయింది. బస్సంతా పచ్చిపాల వాసన.

నీతి ఎక్కడ పుడుతుందో చెప్పే పుస్తకాలు ఆ తర్వాత చాలా చదివాను. ఇప్పుడు మూకండపల్లిలో మా ఇంటి ఎదుటి కొట్లోనే జున్నుపాలు అమ్ముతున్నారు. కొంటే తప్పని నేను ఈనాటికీ రుజువు చేయలేను. జున్నంటే ఇప్పటికీ ప్రాణమే. ఆ పాలు కొనడానికి మాత్రం ఒక్కనాడూ ఆ కొట్టు మెట్టెక్కలేదు.