గళ్లలో కలుపు

పెరట్లో కలుపు పీకినప్పుడల్లా ఆ పచ్చివాసనకు నా చేతులు ఆగిపోతాయి.

నా చిన్నప్పుడు పిడుగురాళ్ల దగ్గర మా నాయనమ్మ మేకలు మేపే బీడులో సున్నపురాయి గని పెడతారన్నారు. అక్కడ ఏ గడ్డి ఎంత ఉందో లెక్కించడానికి ఒకరోజు పొద్దున సర్వేవాళ్లు నేలమీద తాళ్లతో గళ్లు కట్టి వెళ్లారు. మేత ఉన్న నేలను గనికి ఇవ్వరని నాకప్పుడు తెలియదు; మా మిరపచేనులాగే ఇదీ శుభ్రంగా ఉంటేనే కదా మెచ్చుకునేది అనుకున్నాను! గళ్లన్నిట్లో కలుపు తీసి మేకలకు వేశాను.

మధ్యాహ్నం లెక్క రాసే ఆయన వచ్చి, "ఒట్టి నేలేగా!" అన్నాడు.

"పొద్దున గడ్డి ఉందండీ! ఏమే, నువ్వు పీకావా? చెప్పవే ఆయనకి!" అంది నాయనమ్మ.

తిడతారని, "నేను కాదు" అన్నాను.

ఆయన మేత లేదని రాసుకుపోయాడు. బీడు గనికి పోయాక నాయనమ్మ మేకల్ని అమ్మేసింది. ఇప్పుడక్కడ గని గొయ్యి. ఊరంతా తలరాత అంటుంది. నేను తలరాతను నమ్మను. ఆ మధ్యాహ్నం పసరంటిన చేతుల్ని వెనక్కి దాచుకున్నది నేనే.