పొడపత్రి నమిలిన ఐలయ్య

1976 వానాకాలంలో నన్ను నర్సింహులపేట దగ్గరి ఆరోగ్య కేంద్రానికి మెడికల్ ఆఫీసరుగా వేశారు. ఆడ డాక్టరు వచ్చిందని తెలియగానే చుట్టుపక్కల అత్తలు పిల్లలు లేని కోడళ్లను వెంటబెట్టుకుని రావడం మొదలుపెట్టారు. కొడుకును తెచ్చిన అత్త మాత్రం ఒక్కతీ లేదు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

సమ్మక్క అనే కోడలినీ ఆమె అత్త అలాగే తెచ్చింది. "దసరా దాంక చూస్త డాక్టరమ్మా. కడుపు పండకుంటే మా తమ్ముని బిడ్డను కొడుక్కు చేసుకుంట," అంది అత్త, కోడలి ముందే. సమ్మక్క తల ఎత్తలేదు. పరీక్షిస్తే ఆమెలో ఏ లోపమూ కనబడలేదు. కొడుకును తీసుకురమ్మన్నాను. వాడు ఎద్దులెక్క ఉన్నడని ముసలామె గొణిగింది.

సమ్మక్క మొగుడు ఐలయ్య వచ్చాడు. గదిలోకి రాకముందే కుండ దగ్గర రెండుసార్లు నీళ్లు తాగాడు. అనుమానం వచ్చి మూత్రం పట్టించి, బెనెడిక్ట్ ద్రావణంలో కొన్ని చుక్కలు వేసి స్పిరిట్ దీపం మీద కాచాను. చక్కెర లేకపోతే అది నీలంగానే ఉంటుంది. ఎక్కువయ్యేకొద్దీ ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక రంగుకు తిరుగుతుంది. ఇటుక రంగే వచ్చింది. మధుమేహం మగవాడి శక్తినీ, వీర్యాన్నీ దెబ్బతీయగలదని చెప్పి, మెల్లగా అడిగాను. అతను నేల చూపులు చూస్తూ, చానా దినాల సంది చాతనైతలేదనీ, ఆ సంగతి సమ్మక్కకు తప్ప ఎవరికీ తెలియదనీ చెప్పాడు. అన్ని మాటలు పడుతూ కూడా ఆమె మొగుడి గుట్టు కాపాడుతోందని అప్పుడు అర్థమైంది. నాకు దుఃఖం ఆగలేదు.

మాత్రలు, పథ్యం రాసిచ్చాను. దసరా దగ్గరపడుతుండగా ముగ్గురూ మళ్లీ వచ్చారు. ఐలయ్య ముఖం వెలిగిపోతోంది. మాత్రలు మానేసి, ఊరి వైద్యుడిచ్చిన పొడపత్రి ఆకు నములుతున్నాడట. "బెల్లం తిన్నా మన్ను తిన్నట్టే ఉన్నది. ఒంట్ల షక్కర మొత్తం పోయింది డాక్టరమ్మా!"

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ ఆకు నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదు. దాని సారానికి చక్కెర తగ్గించే గుణం ఉందంటారు, నేను కొట్టిపారేయను. కానీ నాలుక చెప్పేది పరీక్ష కాదు. ఈసారి అతని మూత్రం చుక్కలు వేసిన గాజు గొట్టాన్ని పట్టకారుతో అతని చేతికే ఇచ్చి, చక్కెర పోతే నీలంగానే ఉండాలని చెప్పి, దీపం మీద పట్టమన్నాను. నీలం కాస్తా మళ్లీ ఇటుక రంగైంది. గొట్టాన్ని పట్టకారుతో సహా నా చేతికిచ్చేశాడు.

తర్వాత నేనేమీ చెప్పకుండానే, తల్లీ సమ్మక్కా ఉన్న వరండాలోకి నడిచాడు. "అవ్వా, గీమెను ఇంకేమనకు. లోపం నాతాన ఉన్నది," అన్నాడు, అక్కడ కూర్చున్న రోగులందరూ వింటుండగా. సమ్మక్క లేచి, "గింతమందిల గట్లంటరా? జర ఇజ్జత్ చూసుకోవద్దా?" అని కోప్పడుతూనే, తన కొంగుతో అతని కళ్లు తుడిచింది.

మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. దసరా వెళ్లింది, రెండో పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. వాళ్లకు పిల్లలు కలిగారో లేదో తెలిసేలోపే నన్ను బచ్చన్నపేట వైపు బదిలీ చేశారు. అక్కడ చేరిన రోజే కాంపౌండరుకు చెప్పాను: పిల్లలు లేరని ఏ కోడలు వచ్చినా పరీక్ష చీటీలు రెండు రాయాలి, ఆమెకొకటి, మొగుడికొకటి. రిటైరయ్యేదాకా ఆ పద్ధతి మార్చలేదు.