వదిన తుంటిలో తూటా

ఆ శనివారం పొద్దున మా వదిన హలీమా చేతిలోంచి గరిటె జారిపోయింది. తీయబోతే వేళ్ళు ముడుచుకోలేదు. మణికట్టు వేలాడిపోయింది.

"ఏం లేదు అబాయో, అలసట," అంది. సొమాలీలో అబాయో అంటే చెల్లి అని.

వదిన మావారు యూసుఫ్‌కి అక్క. సొమాలియా రాజధాని మొగదిషులో జరిగిన యుద్ధంలో అమ్మానాన్నలు పోతే, పసివాడైన తమ్ముణ్ణి కెన్యా క్యాంపుకి చేర్చి పెంచింది ఆవిడే. యూసుఫ్ హైదరాబాద్‌లో నా క్లాస్‌మేట్. ఇప్పుడు ముగ్గురం అమెరికాలో, కొలంబస్‌లో ఉంటున్నాం. వదినకీ నాకూ మధ్య నడిచేది వచ్చీరాని ఇంగ్లీషే.

అప్పటికే కొన్నాళ్ళుగా ఆవిడకి కడుపునొప్పి. తిండి సహించేది కాదు, మనిషి పాలిపోయింది. హిమోగ్లోబిన్ తక్కువుందని ఐరన్ మాత్రలిచ్చారు. ఎండోస్కోపీ నార్మల్. యుద్ధం చూసిన మనిషని తెలిసి ఒక డాక్టర్ "స్ట్రెస్ అయ్యుండొచ్చు" అన్నాడు. ప్రతి అపాయింట్‌మెంట్‌కీ యూసుఫే వచ్చి ఆవిడ మాటలు ఇంగ్లీషులో చెప్పేవాడు. పాత గాయాలేమైనా ఉన్నాయా అని అడిగినప్పుడల్లా వదిన లేవనేది. కొంచెం కుంటేది. చిన్నప్పుడు లారీ మీంచి పడ్డానని మాతో చెప్పింది.

చెయ్యి చూసి న్యూరాలజిస్ట్ ఎంఆర్‌ఐ రాశారు. ఆ రోజు యూసుఫ్‌కి సెలవు దొరక్క నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. నాకు సొమాలీ సరిగా రాదని టెక్నీషియన్ ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ని కలిపింది. ఎవరో పెద్దావిడ.

"ఒంట్లో ఎక్కడైనా లోహం ఉందా? ఉంటే ఈ మెషీన్‌తో ప్రమాదం," అని టెక్నీషియన్ అడిగించింది.

వదిన నావైపు చూసింది. తర్వాత కుడి తుంటి మీద చెయ్యి వేసి మెల్లగా మాట్లాడింది.

"తూటా ఉందంటున్నారు," అంది ఫోన్‌లో ఆవిడ. "తమ్ముణ్ణి వీపున కట్టుకుని పరిగెడుతుంటే తగిలిందట. తమ్ముడికి మాత్రం తెలియకూడదట. తెలిస్తే తనవల్లే అనుకుంటాడట."

ఎంఆర్‌ఐ ఆపేశారు. ఎక్స్‌రేలో తుంటి కీలు నిండా తెల్లటి ముక్కలు. బ్లడ్ టెస్ట్ వచ్చాక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. "ఇది స్ట్రెస్ కాదు, లెడ్ పాయిజనింగ్. తూటాలోని సీసం కీలులో కరిగి రక్తంలోకి వెళ్తోంది. కడుపునొప్పి, రక్తం తగ్గడం, చెయ్యి పడిపోవడం అన్నీ దానివల్లే."

"యూసుఫ్‌కి మీరే చెప్పాలి వదినా," అన్నాను కారులో. ఆ సాయంత్రమే చెప్పింది. అతను లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. లోపలికొచ్చి అక్క పక్కన కూర్చుని, "ఆపరేషన్ ఎప్పుడు చేయిద్దాం?" అని మాత్రం అడిగాడు.

ముందు సీసాన్ని బయటికి పంపే క్యాప్సూల్స్ ఇచ్చారు. కుళ్ళిన గుడ్డు వాసన. తర్వాత ముక్కలు తీసి హిప్ రీప్లేస్‌మెంట్ చేశారు. లెడ్ లెవెల్ దిగింది, మళ్ళీ ఎగబాకింది. "ఎముకల్లో చేరిన సీసం బయటికొస్తోంది. ఇంకో కోర్సు వాడాలి," అన్నారు డాక్టరమ్మ.

సరిగ్గా అప్పుడే మొగదిషులో బజారు దగ్గర బాంబు పేలింది. వదిన పిన్నికొడుకు పోయాడు. ఆవిడ క్యాప్సూల్స్ పక్కకి తోసేసింది. "అక్కడ ఇంకా చస్తూనే ఉన్నారు. నాకెందుకు మందు?"

"ఏడవండి వదినా. కానీ మందు వేసుకుని ఏడవండి," అన్నాను. నావంక కోపంగా చూసి, మామిడి జ్యూస్‌తో మింగింది. మర్నాడు నేను అడగకుండానే వేసుకుంది. వాకర్ పట్టుకుని కారిడార్‌లో ఆ చివరిదాకా నడిచింది.

ఇప్పుడు చేతికి పట్టు వచ్చింది. నడక దాదాపు సరైంది. రక్తపరీక్షలు ఇంకా ఉన్నాయి. మసీదులో ఆడవాళ్ళు కలిసినప్పుడు తుంటి సంగతి తనే చెప్తోంది. అది విని, భుజంలో తూటా ముక్కలున్న ఒకావిడ టెస్ట్‌కి వెళ్ళింది.

నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ దగ్గర భాష రానివాళ్ళ మాటలు ఇంట్లోవాళ్ళతో చెప్పించకండి. ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. మనల్ని బాధపెట్టకూడదని పేషెంట్ దాచుకున్న మాటే డాక్టర్‌కి కావలసింది కావచ్చు. యూసుఫ్ ఇప్పటికీ ప్రతి అపాయింట్‌మెంట్‌కీ వస్తాడు. కానీ వెయిటింగ్ రూమ్‌లోనే కూర్చుంటాడు.