ఇద్దరిదీ ఒక్కటే బీమారి

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక గల్లీలో చిన్న దుకాణం పెట్టుకొని సోమమ్మ చీరలకు ఫాల్స్ కుట్టేది. మన్సూరాబాద్‌లో ఒక్క గది కిరాయి ఇల్లు. భర్త పోయాక పలకరించేవాళ్లే తక్కువ. దగ్గు తగ్గక దవాఖానకు పోతే ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నారు. బీడీ ముట్టని మనిషి. అయినా ఇంటి ఓనరమ్మ, "సాటుకు తాగిందేమో, ఎవలకెరుక?" అన్నది. పక్క గదివాళ్లు రావడం మానుకున్నారు.

ఎల్‌బీ నగర్ దవాఖానలో గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు.

"మీ గడ్డ కణాల జన్యువుల్లో ఒక మార్పుంది. అది ఉన్నవాళ్లకు ఈ మాత్ర బాగా పనిచేస్తుంది. రోజుకొకటి వేసుకోండి," అన్నది డాక్టరమ్మ.

కొన్ని వారాలకే దగ్గు తగ్గింది. ఆయాసం లేకుండా మెట్లెక్కగలిగింది.

దవాఖాన బెంచీ మీదే పట్టాభి పరిచయమయ్యాడు. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి మూసారాంబాగ్‌లో ఉండిపోయిన లెక్కల మాస్టారు. ఆయనకూ ఎవరూ లేరు. జబ్బు అదే గానీ, ఆయన గడ్డలో ఆ మార్పు లేదు. సెలైన్‌లో ఎక్కించే మందు కూడా సరిగా పనిచేయడం లేదు. భయమేస్తోందని సోమమ్మ నోరు విప్పి చెప్పుకున్నది ఆయనొక్కడికే.

ఒకరోజు ఆయన మరీ చిక్కిపోయి కనిపించాడు. సోమమ్మ సంచిలోంచి మాత్రల షీటు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"సారూ, గీ గోలీలు తీస్కోండ్రి. నాకు మంచిగైతుంది కద, మీకెందుకు గాదు? జర ఏస్కొని సూడుండ్రి."

ఆయన ఆ షీటును ఆమె చేతికే తిరిగిచ్చాడు.

"డాక్టరు గారిని నేనూ అడిగానమ్మా. బతిమాలాను కూడా. ఆ మార్పు ఉన్న గడ్డ మీదే ఇది పనిచేస్తుందట. నేను మింగితే నాకొరిగేదేం లేదు, మీకు తక్కువవుతాయి. లోపల పెట్టుకోండి."

"గదెట్ల సారూ? ఇద్దరిదీ ఒక్కటే బీమారి కద."

"పేరొక్కటేనండీ," అన్నాడాయన.

తర్వాతి సారి ఆయన రాలేదు. అడిగితే, పోయారని నర్సు చెప్పింది. "మీరేమవుతారు ఆయనకు?" అన్నది. సోమమ్మ స్కానింగ్ గది వైపు నడిచింది.

ఆ రోజే స్కానింగ్‌లో గడ్డ సగానికి సగం తగ్గిందని తేలింది. డాక్టరమ్మ ముఖం వెలిగింది. "గడ్డ మళ్లీ మారితే మాత్ర పనిచేయకపోవచ్చు. అప్పుడు ఇంకో పరీక్ష చేద్దాం. ఇప్పటికైతే ఇంట్లోవాళ్లకు చెప్పండి, సంతోషిస్తారు."

మెట్రో స్టేషన్‌లో సోమమ్మ ఫోను తీసింది. ఎవరికి చెయ్యాలో తెలియక మళ్లీ సంచిలో వేసుకుంది.

చాన్నాళ్లుగా మూసి ఉన్న దుకాణం షట్టరు ఎత్తగానే పాత గిరాకీ ఒకామె చీరతో వచ్చింది.

"ఏంది సోమక్కా, గిన్ని దినాలు బందు పెట్టినవ్?"

"ఊరికి పోయిన," అని సోమమ్మ చీర అందుకుంది.