సొట్టకు తగిన వెలుతురు

సర్వేయరు అనగానే చాలామంది గొలుసు పట్టుకుని స్థలాలు కొలిచే మనిషి అనుకుంటారు. ఈ కథలోని సర్వేయరుకు సంబంధం కుదిరినప్పుడు ఆయన అత్తగారు కూడా అలాగే అనుకుని, పక్కింటివాళ్లతో ఉన్న ప్రహరీగోడ తగాదా ఇక తీరినట్టేనని సంబరపడింది. ఈయన కొలిచేది స్థలాలను కాదు, సొట్టలను. గుద్దుకున్న కార్లను, దొర్లిన వ్యాన్లను, గోడనెక్కిన స్కూటర్లను బీమా కంపెనీ తరఫున చూసి, ఏ భాగం మార్చాలో, ఏది సుత్తితో సరిచేస్తే చాలో రాసివ్వడం ఆయన ఉద్యోగం. పందొమ్మిదేళ్లుగా అదే పని. బాగున్న కారును ఆయన ఎన్నడూ తేరిపార చూసిన పాపాన పోలేదు.

మనిషి మెతక. వాహనం యజమాని ఎంత గొంతు చించుకున్నా, "ఒక్క నిమిషమండీ, ఎడమవైపు కూడా చూసేద్దాం" అనేవాడు. ముందూ వెనకా, కుడీ ఎడమా, నంబరు ప్లేటూ, ఇంజన్ పక్కన చెక్కి ఉండే ఛాసిస్ నంబరూ, విరిగిన భాగాలూ అన్నీ తన పాత ఫోనుతో నాలుగు నిమిషాల్లో ఫోటోలు తీసి, అయిదో నిమిషంలో సంచి సర్దుకునేవాడు.

ఆ ఫోటోలన్నీ వెళ్లేది క్లెయిములు మంజూరు చేసే ఆఫీసరు దగ్గరికి. ఆవిడను ఆఫీసులో అందరూ చాటుగా తిరుగుటపా మేడం అంటారు. ఆవిడ బల్ల మీదికి వెళ్లిన ఫైలు ఏదో ఒక ప్రశ్న తగిలించుకోకుండా తిరిగి వచ్చేది కాదు. ఒకసారి అలా వచ్చిన ఫైలు మీద ఎర్రసిరాతో ఇలా ఉంది: "ఛాసిస్ నంబరులో చివరి అంకె మూడా, ఎనిమిదా? ఫోటో మసకగా ఉంది."

ఆ సాయంత్రం ఇంట్లో ఆ సంగతి చెప్పాడు. భార్య ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియను. రోజంతా మైక్రోస్కోపులో చూసే మనిషి.

"ఆ ఫోను అద్దం ఒకసారి తుడవకూడదూ" అంది.

"సమస్య అద్దానిది కాదే. సెన్సరుది."

లెన్సు వెనక బొమ్మను పట్టే బిళ్లకు సెన్సరు అన్న మాట ఆయనకు బావమరిది దగ్గర అబ్బింది. బావమరిది నీళ్ల ఫిల్టర్లు అమ్మే కంపెనీలో పనిచేస్తాడు. ఏ వస్తువూ కొనడు, ప్రతి వస్తువు గురించీ గంట సేపు చెప్పగలడు. కబురందగానే వచ్చి వాలాడు.

"పెద్ద కెమెరా కొంటే మోయలేరు బావా. చవకది కొంటే ఫోనుకీ దానికీ తేడా ఉండదు. మీకు కావలసింది ప్రీమియం కాంపాక్ట్. జేబులో పడుతుంది, పని మాత్రం పెద్దదాని పని చేస్తుంది."

"నిజంగా జేబులో పడుతుందా?"

"పడుతుంది. కాకపోతే జేబు కూడా కాస్త ప్రీమియంగా ఉండాలి."

అక్కడ మొదలైన ఎంపిక ఏడు నెలలు సాగింది. అంతకు తక్కువ వ్యవధిలోనే ఆయన పెళ్లి సంబంధం చూడడం, కుదరడం, పెళ్లవడం కూడా అయిపోయాయి. రోజూ భోజనం అయ్యాక బావా బావమరుదులు ఇద్దరూ సోఫాలో ఒరిగి వీడియోలు చూసేవారు. చివరికి రెండు కెమెరాలు బరిలో మిగిలాయి. ఒకదానికి జూమ్ ఎక్కువ. రెండోదానికి లెన్సు వెడల్పు, చీకట్లోనూ బాగా తీస్తుందట. జూమ్ కెమెరా మీద మనసు పడ్డ రోజున ఎవరో ఒకాయన వీడియోలో దాన్ని చీల్చి చెండాడేవాడు. రెండోదానికి మొగ్గిన రోజున అదే ఆయన దాన్ని కూడా అంతే శ్రద్ధగా ఉతికి ఆరేసేవాడు. రెండూ వద్దనుకునేసరికి, రెండింటికీ కొత్త మోడళ్లు వస్తున్నాయని పుకారు పుట్టేది. ఇక ఆగడమే. ఈ ఏడు నెలలూ ఛాసిస్ నంబర్లు మసకగానే వచ్చాయి. అనుమానం ఉన్న అంకెలను ఆయన ఫోటో కింద పెన్నుతో రాసి పంపాడు. ఆ ఫైళ్లన్నీ మంజూరయ్యాయి, ఒక్కటీ ప్రశ్నతో తిరిగి రాలేదు. ఆ సంగతి ఆయన గమనించలేదు.

చివరికి ఒక శనివారం వెడల్పు లెన్సుదాన్నే ఖాయం చేసుకుని కొట్టుకు వెళ్లాడు, జేబులో స్కేలు పెట్టుకుని. కౌంటర్ వెనక ఉన్న సేల్స్‌మన్ గాజు పలక మీద నల్లటి మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద కెమెరాను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టాడు.

"అంగుళం సెన్సరు సార్."

సర్వేయరు పక్కనున్న బొమ్మలో కొలతలు చదివాడు. "అంగుళమంటే పాతికకు పైన మిల్లీమీటర్లు కదా. ఇక్కడ పదమూడు అని ఉందేం?"

"అది సెన్సర్ల అంగుళం సార్."

"సెన్సర్లకు వేరే అంగుళం ఉంటుందా?"

"ప్రీమియంలో ఉంటుంది సార్."

పదమూడు మిల్లీమీటర్ల గీతను అంగుళం అని రాసిన గ్యారేజీవాళ్లను పందొమ్మిదేళ్లలో ఎందరినో ముప్పుతిప్పలు పెట్టిన మనిషి, ఆ మాటకు తల ఊపి కార్డు తీసి ఇచ్చాడు. ఒక మోస్తరు పాత స్కూటరు వచ్చే ధర అది.

ఇంటికి వచ్చి చొక్కా జేబులో వేసుకుంటే చొక్కా ఒక పక్కకు ఒరిగిపోయింది. ప్యాంటు జేబులో పెడితే కూర్చోవడం కుదరలేదు. బెల్టుకు తగిలించే తోలు సంచీ ఒకటి కొన్నాడు. జేబు కెమెరా అలా నడుముకు చేరింది. రెండు వందల పేజీల వివరాల పుస్తకాన్ని గీతలు గీసుకుంటూ చదువుతుంటే, అత్తగారు కూతుర్ని వంటింట్లోకి పిలిచి, "అల్లుడు మళ్లీ ఏమైనా పరీక్షకు కట్టాడా?" అని అడిగింది.

కొత్త కెమెరాకు మొదటి బేరం ఒక ట్యూషన్ మాస్టారి తెల్ల కారు. వెనక్కి తీస్తూ తన గేటుకే గుద్దుకున్నాడు. ఎడమ తలుపు లోపలికి పోయి, సొట్ట మధ్యలో గేటు రంగు చిలకాకుపచ్చగా అంటుకుంది. గ్యారేజీలో డెంటింగ్ మేస్త్రీ సుత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. సర్వేయరు కారు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాడు. వంగాడు, కూర్చున్నాడు, లేచాడు.

"వెలుతురు నడినెత్తి మీద ఉంది. సొట్టకు లోతు రావడం లేదు" అన్నాడు.

"లోతు బాగానే ఉందండీ. తలుపే తెరుచుకోవడం లేదు" అన్నాడు మాస్టారు.

"అది మీకు తెలుసు. ఫోటోకు తెలియాలి కదా. సాయంత్రం నాలుగున్నరకు తీద్దాం."

మాస్టారు గడియారం చూసుకున్నాడు. పదకొండు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఫోన్ చేసి క్లాసు లేదని చెప్పి, టైర్ల దొంతర మీద కూర్చున్నాడు. నాలుగున్నరకు ఎండ ఏటవాలుగా తలుపు మీద పడింది. సొట్ట అంచు బంగారంలా మెరిసింది, లోపల నీడ మడతలు మడతలుగా జారింది. సర్వేయరు లెన్సును పూర్తిగా తెరిచి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. సొట్ట ఒక్కటే కత్తి అంచులా స్పష్టంగా వచ్చింది, తక్కిన కారంతా వెన్నలా కరిగిపోయింది.

మేస్త్రీ తెర మీద చూసి సుత్తి కింద పెట్టాడు. "ఇంత బాగున్నదాన్ని కొట్టాలంటే చేతులు రావడం లేదు సార్."

ఫైలుకు ఆ ఒక్క ఫోటోనే జతచేసి పంపాడు. ఫైలు మూడో రోజున తిరిగి వచ్చింది. "నంబరు ప్లేటు కనబడడం లేదు. ఈ వాహనం ఎవరిది?" సర్వేయరు ఫోన్ చేశాడు.

"మేడం, అది వెనక భాగం బ్లర్ అవడం. కావాలని చేసిందే."

"కావాలని నంబరు కనబడకుండా చేస్తే దాన్ని మా సెక్షన్లో వేరే పేరుతో పిలుస్తారండీ" అంది తిరుగుటపా మేడం.

మళ్లీ తీయాలంటే తలుపు అప్పటికే నున్నగా అయిపోయింది. ఫైలు అక్కడే ఆగింది. అటు తర్వాత వారాల్లో ఇలాంటివి ఇంకో పదకొండు ఆగాయి. వర్షంలో తడిసిన బానెట్టు, పగిలిన హెడ్‌లైటులో మబ్బులు, సాలెగూడులా చిట్లిన అద్దం. ఒక్కొక్కటీ చూస్తే రెండు కళ్లూ చాలవు. కాకపోతే అవి ఏ బండివో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఈ మధ్యలో బావమరిది ఇంకో ఘనకార్యం చేశాడు. ఆ చిలకాకుపచ్చ సొట్ట ఫోటోను ఒక ఫోటోగ్రఫీ ప్రదర్శనకు పంపించాడు. దరఖాస్తులో మనుషులు, జంతువులు, ప్రకృతి అని మూడే గళ్లు ఉన్నాయట. సొట్ట మనిషీ కాదు, జంతువూ కాదు కాబట్టి మూడో గడిలో టిక్కు పెట్టాడు. న్యాయనిర్ణేతలు దాన్ని ఇసుక తిన్నెలు అనుకున్నారు. 'ఎడారిలో పచ్చిక' అని పేరు కూడా వాళ్లే పెట్టి, మూడో బహుమతి ఇచ్చారు. సర్వేయరు ముందు కంగారుపడ్డాడు. సర్టిఫికెట్టు చేతికి వచ్చాక, ఇసుకే అనుకుంటే మాత్రం నష్టమేముందిలే అని సర్దుకున్నాడు.

ట్యూషన్ మాస్టారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ ప్రదర్శనకు వెళ్లాడు. బహుమతి ఫోటో ముందు ఒక పెద్దావిడ, ఎడారిలో ఒంటరితనం గురించి ఎవరికో చెబుతోంది. మాస్టారు ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్లి ఆ ఆకుపచ్చ రంగును చూశాడు.

"ఇది ఎడారి కాదండీ, నా కారు ఎడమ తలుపు" అన్నాడు. "రెండు నెలలైంది, క్లెయిము రాలేదు. తలుపుకు మాత్రం బహుమతి వచ్చింది."

ఆ మాటలనే కాగితం మీద పెట్టి కంపెనీకి పంపాడు. నాలుగో రోజున సర్వేయరుకు పిలుపు వచ్చింది.

ఆయన తిరుగుటపా మేడమ్‌ను ముఖాముఖి చూడడం అదే మొదలు. ఎర్రసిరా పెన్నును బట్టి ఊహించుకున్నంత పెద్ద మనిషేమీ కాదు. బల్ల మీద ఆ ఫోటో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బాగుంది. బాగుండడమే ఇబ్బంది. దీన్ని చూస్తే నష్టపరిహారం ఇవ్వాలనిపించదు, ఇంకోసారి చూడాలనిపిస్తుంది" అంది. "రేపటి నుంచి ఫోన్లోని కంపెనీ యాప్‌తోనే తీయాలి. అందులో ఏదీ బాగా రాదు. తేదీ, టైము, నంబరు మాత్రం వస్తాయి."

సర్వేయరు తల వంచుకుని సరే అన్నాడు. మాస్టారి క్లెయిము ఆ మధ్యాహ్నమే మంజూరైంది, ఫిర్యాదు ఉన్న ఫైళ్లు ఆ ఆఫీసులో తిరుగుటపాకు లొంగవు. సర్వేయరు లేచి తలుపు దాకా వెళ్లాక మేడం వెనక్కి పిలిచింది.

"మా అమ్మాయి కూడా చిన్న కెమెరా కావాలంటోంది. ఇదే కొనమంటారా?"

ఆయన వచ్చి మళ్లీ కూర్చున్నాడు. జూమ్ గురించీ, లెన్సు గురించీ, సెన్సర్ల అంగుళం గురించీ నలభై నిమిషాలు చెప్పాడు. బయట ముగ్గురు ఫైళ్లతో నిలబడ్డారు. మేడం అన్నీ ఎర్రసిరాతో రాసుకుని, "ఇంకో రెండు నెలలు ఆగితే కొత్త మోడల్ వస్తుందేమో కదా?" అంది.

"రావచ్చు" అన్నాడు సర్వేయరు. ఆ పుకారు ఆయనకు తెలుసు.

యాప్‌తో పని మళ్లీ నాలుగు నిమిషాలకు దిగింది. కెమెరా అల్మారా చేరింది. మూడు వారాల తర్వాత భార్య దాన్ని బయటికి తీసి, సోఫాలో కూర్చుని అందులోని ఫోటోలు వరసగా చూసింది. పదకొండు వందల నలభై. మనుషులు ఎక్కడైనా ఉన్నారంటే, ఒక చోట మేస్త్రీ మోచెయ్యి, ఇంకో చోట మాస్టారి బూట్లు.

"ఇంట్లో ఎవరికైనా సొట్ట పడితే తప్ప ఫోటో తీయరా మీరు?" అంది. కోపంగా ఏమీ కాదు, రిపోర్టు చదివినట్టు.

ఆదివారం పొద్దున్నే ఆయన అందరినీ మేడ మీదికి రమ్మన్నాడు. ముందు అత్తగారు. ఎదురుగా ఒకటి, ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి తీసి, "కాస్త వెనక్కి తిరగండత్తయ్యా" అన్నాడు.

"నా వీపు ఎవరికి కావాలి నాయనా?"

"అలవాటండీ. నాలుగు వైపులా తీయకపోతే పని పూర్తయినట్టు ఉండదు."

ఆవిడ గొణుక్కుంటూనే తిరిగింది. తర్వాత భార్య వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఆయన తెరలో ముఖాన్ని దగ్గరికి తెచ్చి ఆగిపోయాడు. ఎడమ కనుబొమ్మ మీద వెంట్రుకల్లో కలిసిపోయిన సన్నటి గీత ఒకటి ఉంది.

"ఇదెప్పుడు తగిలింది?"

"చిన్నప్పుడు ఊయల మీంచి పడ్డాను."

"రిపేరు చేయించలేదా?"

"నాలుగు కుట్లు వేశారు." ఆవిడకు నవ్వొచ్చింది. "పద్దెనిమిదేళ్ల కాపురంలో ఇవాళా సర్వేకు వచ్చారు?"

సొట్టలు వెతకడమే బతుకుతెరువుగా ఉన్న మనిషికి ఇంట్లోని ఆ గీత ఇన్నాళ్లూ కనబడనే లేదు. సిగ్గనిపించింది. ఆ కంగారులో వేలు బటన్ మీద పడింది. ఆవిడ తల తిప్పి నవ్వుతుండగా వచ్చింది ఫోటో. చెవి ఒక్కటే స్పష్టంగా ఉంది, ముఖమంతా చెదిరింది. "పోయింది, మళ్లీ తీస్తాను" అన్నాడు.

అత్తగారు కెమెరా లాక్కుని, కళ్లజోడు పైకెత్తి చూసింది. "ఉండనీ. ఇది నవ్వితే ఇలాగే ఉంటుంది."

ఆయన దాన్ని తీసేయలేదు. సోమవారం గ్యారేజీలో పని అయ్యాక సంచీలోంచి కెమెరా తీసి మేస్త్రీకి చూపించాడు. మేస్త్రీ చేతులు తుడుచుకుని, తెరను వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, వృత్తిధర్మం ప్రకారం మూలమూలలా వెతికాడు.

"ఇందులో డ్యామేజీ ఎక్కడ సార్?"

"లేదు మేస్త్రీ. ఊరికే తీశాను" అన్నాడు సర్వేయరు.