దూలం లేని కప్పు కింద కుర్చీ వేసుకున్న శాంతమ్మ

మచ్చ బొల్లారంలో మాకు నూట ఇరవై గజాల స్థలం ఉంది. అందులో ఎలాంటి ఇల్లు కట్టాలో రెండేళ్లుగా తేలడం లేదు. ఈలోగా ఒక మిత్రుడు ప్రకాశం గురించి చెప్పాడు. జీడిమెట్లలో లేత్ మెషిన్ నడిపే ప్రకాశం, డ్యూటీ లేని రోజుల్లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో తన ఇల్లు తానే కట్టుకుంటున్నాడట. అది ఇటుకల గుమ్మటం. దూలం లేదు, స్లాబు లేదు, ఇనుప చువ్వ లేదు. నమ్మబుద్ధి కాక ఫోన్ చేశాను. "రేపు బుధారం మా ఫ్యాక్టరీకి పవర్ హాలిడే సార్. పొద్దుగూకే వరకు పైన మూసేస్తం. జల్దీ రాండ్రి" అన్నాడు. 2006 మే చివరి వారమది.

ఉదయం ఆరుంబావుకు సికింద్రాబాద్‌లో మేడ్చల్ బస్సు ఎక్కాను. టికెట్ పన్నెండు రూపాయలు. ఆ వేళకు రద్దీ ఉండదు కాబట్టి కొంపల్లి దాటడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏడున్నరకల్లా మేడ్చల్‌లో ఇడ్లీ తింటున్నాను. అక్కడి నుంచి శామీర్‌పేట వైపు షేర్ ఆటోలు దొరుకుతాయి. గుండ్రటి ఇంటి దగ్గర దింపమన్నాను. "గా గోరీ కాడికా సార్?" అన్నాడు డ్రైవర్. గోరీ కాదు, ఇల్లే అన్నాను. "ఇల్లేనంట. నేనైతే పాణం ఉండంగ అండ్ల పండ" అన్నాడు. ఆటోలో అందరూ నవ్వారు. పదిహేను రూపాయలిచ్చి దిగాను.

దూరం నుంచి చూస్తే బోర్లించిన కుండ అడుగు పగిలిపోయినట్టుంది. నేల మీద అడ్డంగా ఇరవై అడుగులు. లోపల సరిగ్గా మధ్యలో ఒక మేకు పాతి, దానికి సుతిలి తాడు కట్టారు. తాడు కొస ఎక్కడ తగిలితే ఇటుక లోపలి అంచు అక్కడ ఉండాలి. ఒక వరుస చుట్టూ తిరిగి మూసుకుంటే అది తనంతట తానే నిలబడుతుంది. మూసుకునేదాకా మాత్రం ఒక్కో ఇటుకను ఇనుప కొక్కెంతో పట్టి, కొక్కేనికి బరువుగా ఇంకో ఇటుక వేలాడదీస్తారు. కొక్కేలు ప్రకాశం తయారు చేసినవే. ప్రకాశంతో కలిసి ఇటుక పేర్చేది ఖాజా మేస్త్రి. అరవై ఏళ్లుంటాయి, దర్గాల గుంబజ్‌లు బాగుచేసిన చెయ్యి.

ప్రకాశం భార్య శాంతమ్మ బయట టార్పాలిన్ కింద వంట చేస్తోంది. మూడు నెలలుగా ఆమె ఈ ఇంట్లో అడుగు పెట్టలేదు. "నెత్తి మీద గన్ని ఇటుకలను ఏ చువ్వ పట్టుకుంటదో చెప్పమను సార్. జవాబు చెప్పెదాంక నా పిల్లల్ని అండ్ల పండుకోబెట్ట. గాజులరామారంల కిరాయింట్లనే ఉంటం. ఆయన్నొక్కన్నే గీడ ఉండమను" అంది. ప్రకాశం నవ్వాడు.

కొలతలు రాసుకుంటానంటే ప్రకాశం టేపు తెచ్చాడు. నేను మేకు దగ్గర పట్టుకున్నాను, తను పరంజా ఎక్కాడు. నడుము ఎత్తులో పది అడుగులు. తల ఎత్తులోనూ పది అడుగులే. పైన, ముందురోజు మేస్త్రి వేసిన మూడు వరుసల దగ్గర తొమ్మిది అడుగుల పది అంగుళాలు. మళ్లీ కొలిచాం. అంతే వచ్చింది. ఆ వరుసలు వేయడానికి ముందు సాయంత్రం గోడ తడిపినప్పుడు తాడు అక్కడే వేలాడుతూ ఉండిపోయింది. ఖాజా మేస్త్రి దాన్ని చేత్తో పిసికి చూశాడు. "పానీ తాగింది. గుంజుకున్నది."

"జూసిన్రా?" బయటి నుంచి శాంతమ్మ గొంతు. "చువ్వ లేకుంటె గిట్లనే ఐతది."

"ప్లాస్టర్ల కలుపుతా భాయ్. ఎవనికి కనబడదు" అన్నాడు మేస్త్రి.

"లేత్ మీద రెండంగుళాలు తప్పితే నన్ను గేటు బయటికి పంపిస్తరు" అన్నాడు ప్రకాశం. "దర్గా గుంబజ్‌ల గిట్లైతే ఏం జేస్తుంటివి?"

మేస్త్రి బీడీ వెలిగించాడు. దాన్ని పూర్తిగా కాల్చి, పరంజా ఎక్కి, తాపీ వెనకవైపుతో మొదటి ఇటుక తనే కొట్టాడు. మట్టీ సున్నం ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి గంటన్నరలో మూడు వరుసలూ విప్పేశారు. సుతిలి బదులు, తడిసినా గుంజుకోని బైండింగ్ వైరు కట్టారు. ఒంటిగంటకు శాంతమ్మ అందరికీ జొన్నరొట్టె, టమాటా పచ్చడి పెట్టింది. సాయంత్రం ఐదున్నరకు, వెలుతురు కోసం వదిలిన రెండడుగుల బొక్క చుట్టూ చివరి వరుస మూసుకుంది. ఆఖరి ఇటుకను మేస్త్రి చెక్కి, కొయ్యసుత్తితో దిగ్గొట్టాడు. ఇక మిగిలింది పదహారు కొక్కేలు తీయడం.

అప్పుడు శాంతమ్మ ప్లాస్టిక్ కుర్చీతో లోపలికి వచ్చింది. నట్టనడుమ వేసుకుని కూర్చుంది.

"పాగలైనవా? బయటికి పో" అన్నాడు ప్రకాశం.

"పోను. పడితే ముందు నా మీద పడాలె. పిల్లల మీద వద్దు."

ప్రకాశం వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు. పైనుంచి మేస్త్రి ఒక్కొక్క కొక్కెం తీయడం మొదలుపెట్టాడు. గుమ్మంలో నిలబడి నేను లెక్కపెడుతున్నాను. ఎనిమిదోది తీసినప్పుడు గుప్పెడు సున్నం రాలి ఆమె జుట్టులో పడింది. మేస్త్రి చెయ్యి ఆగిపోయింది.

"ఆగినవేంది ఖాజన్నా? తియ్యి" అంది శాంతమ్మ.

పదహారోది కూడా వచ్చేసింది. ఇటుక కదల్లేదు. శాంతమ్మ పైకి చూస్తూ అడిగింది: "మరి ఏది పట్టుకున్నదే అన్నా?"

"ఒకదాన్నొకటి పట్టుకున్నయ్ చెల్లె. గంతే."

ఆమె లేచి, జుట్టు దులుపుకుని, గోడ వెంట అడుగులు వేసింది. "పొయ్యి గీడ పెట్టాలె. కిటికీ ఇంక జర పెద్దగుండాలె. గిన్ని దినాలు నన్ను అడగకుండ ఎట్ల జేసినవయ్యా?" ప్రకాశం సుద్దముక్క కోసం జేబులు తడుముకుంటున్నాడు.

తిరుగు బస్సులో నా నోట్‌బుక్ తీసి మా స్థలం కొలతల మీద ఒక వృత్తం గీశాను. ఆ గుమ్మటం ఎన్నేళ్లు నిలుస్తుందో నాకు తెలియదు. చెప్పగలిగేంత కాలం ఇంకా గడవలేదు. కళ్లారా చూసింది మాత్రం రాయగలను: తప్పు దొరికింది, కట్టినవాడే కొట్టేశాడు, ఆ తర్వాతే ఒక మనిషి దాని కింద కూర్చుంది. ఇలాంటి ఇల్లు చూడటానికి వెళ్లేవారికి ఒక్క సూచన. మీ టేపు మీరే తీసుకెళ్లండి. మధ్య మేకు నుంచి కనీసం మూడు ఎత్తుల్లో కొలవండి. గోళాకారపు గుమ్మటంలో అన్నిచోట్లా ఒకటే రావాలి. రాకపోతే ఎందుకని మేస్త్రిని అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడండి.