మతిమరుపు పరీక్షలో కాపీ

మొన్న నాకు మతిమరుపు ఉందని ఏఐ తేల్చేసింది. ఎందుకో తెలుసా? మాటలు మరిచిపోయినందుకు కాదు, గట్టిగా గుర్తుపెట్టుకున్నందుకు!

నవ్వకండి, ముందు వినండి. ఈమధ్య నాకు మతిమరుపు భయం పట్టుకుంది. బెల్లం కోసం వెళ్లి పసుపు తెచ్చాను. ధర్పల్లిలో మా చెల్లె ఇంటికి పోతూ రెండు స్టాపుల ముందే దిగిపోయాను. దాంతో నా కొడుకు, "అమ్మా, ఇగ ఒక్కదానివి బస్సెక్కకు" అన్నాడు. బడి మొహం చూడకుండా బస్సు బోర్డులు చూసి చదువు నేర్చుకున్నదాన్ని నేను. నన్ను బస్సెక్కొద్దంటాడా?

మనవరాలు శ్రావణి నిజామాబాద్‌లో డాక్టర్ చదువుతోంది. వాళ్ల క్లాసుకు కొందరు పెద్దవాళ్లు కావాలట. పిల్లలు మమ్మల్ని పరీక్షించి ఆ వివరాలు ఏఐకి ఇస్తారు. అది జబ్బేమిటో చెబుతుంది. అది చెప్పింది ఎంతవరకు నిజమో పిల్లలు ఆధారాలతో తేల్చాలి.

"నానమ్మా, యాదికుంచుకునే టెస్ట్ ఉంటది. వస్తవా?"

"ఎందుకు రాను!" అన్నాను. పాసైతే కొడుకు నోరు మూయించొచ్చు కదా!

శ్రావణి ఇంట్లో ఫోన్‌లో ఫ్రెండ్‌తో ప్రాక్టీస్ చేస్తుంటే తలుపు చాటున నిలబడి విన్నాను. మూడు మాటలు చెప్పి, కాసేపయ్యాక మళ్లీ అడగాలట. తాళం, గుర్రం, బొప్పాయి. పేపర్ లీక్!

పది రోజులు బట్టీ కొట్టాను. జొన్నరొట్టె తడుతుంటే ఒక్కో దెబ్బకు ఒక్కో మాట. "అత్తమ్మా, గా గుర్రం ఎవలిది?" అని కోడలు కంగారు పడింది కూడా.

పరీక్ష రోజు బోధన్ నుంచి కొడుకే బండి మీద కాలేజీకి తీసుకెళ్లాడు. సొంత నానమ్మను పరీక్షించకూడదని శ్రావణిని వెనక కూర్చోబెట్టి, ఇంకో అమ్మాయిని నా ముందుకు పంపారు.

"అవ్వా, మూడు మాటలు చెప్త, మంచిగ వినుండ్రి" అంది ఆ పిల్ల. ఏదో చెప్పింది. నేను వింటేగా! లోపల నావి నేను వల్లిస్తున్నాను. వారం, నెల అడిగింది, చెప్పాను. గడియారం బొమ్మ గీయమంది, గీశాను.

"ఇప్పుడు ఆ మూడు మాటలు చెప్పుండ్రి."

"తాళం! గుర్రం! బొప్పాయి!"

పిల్ల మొహం పాలిపోయింది. ఆమె చెప్పినవి గొడుగు, నక్క, చెంచా అట! గబగబా టైప్ చేసి, ఏఐ జవాబు చదివింది. "చెప్పని మాటలు చెప్పినట్టు ఊహించుకుంటున్నారు. తీవ్రమైన మతిమరుపు కావచ్చు. తలకు స్కానింగ్ చేయించాలి."

క్లాసు గుమ్మం దగ్గర నిలబడ్డ కొడుకును చూశాను. అయిపోయింది, ఇక బస్సు నా కళ్ల ముందు నుంచే వెళ్లిపోతుంది!

"నువ్వేమంటవమ్మా?" అని పక్కనే ఉండి చూస్తున్న వాళ్ల సార్ ఆ పిల్లను అడిగారు.

"ఏఐ గట్లనే అన్నది సార్."

"అది అన్నదే ఆధారమా? ఒక్క తప్పుకే జబ్బు ఖాయం చేస్తవా? గా మాటలు ఎక్కడివని అవ్వను అడిగినవా?"

వెనక నుంచి శ్రావణి లేచింది. "సార్, గవి నేను ఇంట్ల ప్రాక్టీస్ చేసిన మాటలు! నానమ్మా, నువ్వు విన్నవా?"

తల దించుకుని ఒప్పుకున్నాను. క్లాసంతా ఘొల్లుమంది. సార్ కళ్లు తుడుచుకుంటూ కొత్త మాటలు మూడు చెప్పారు. ఈసారి నిజంగా విన్నాను. కాసేపయ్యాక రెండు గడగడా చెప్పాను, మూడోది కొంచెం ఆలోచించి చెప్పాను.

"ఇప్పటికైతే భయమేం లేదు" అని సార్ నా కొడుకుతో అన్నారు. "ఆర్నెల్లకోసారి చూపిస్తుండండి. బస్సు మాత్రం ఎక్కనియ్యండి."

కొడుకు సరేనన్నాడు. నేనింకా సంబరంలో ఉండగానే సార్ పిల్లలకు పాఠం చెప్పారు. "రాసుకోండి. ఏఐ ఏం చెప్పినా పేషెంట్‌ను అడిగి సరిచూడాలె."

నేను చెయ్యెత్తాను. "సార్, పేషెంట్ మాట గూడ సరిచూడమనుండ్రి. కొందరు ముసలోళ్లు కాపీ కొట్టి పాస్ కావాలని చూస్తరు, గది గూడ చేతగాక ఫెయిలైతరు!"